మళ్లీ పిలిచిన జట్టు

2005 మే 18. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో యూఎఫా కప్ ఫుట్‌బాల్ ఫైనల్ జరుగుతోంది. ఒకవైపు మాస్కో నుంచి వచ్చిన సీఎస్కేఏ, మరోవైపు స్పోర్టింగ్ లిస్బన్. మైదానం కూడా స్పోర్టింగ్ వాళ్లదే. సగం ఆట అయ్యేసరికి మాస్కో జట్టు 0-1తో వెనకబడింది. దాని కోచ్ వాలెరీ గజ్జాయెవ్.

గజ్జాయెవ్ 1954లో కాకసస్ పర్వతాల దగ్గరి వ్లాదికావ్‌కాజ్‌లో పుట్టారు. ఫార్వర్డ్ ఆటగాడిగా సొంత ఊరి నుంచి మాస్కోకు, తర్వాత జార్జియాలోని త్బిలిసికి మారుతూ ఆడారు. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో కాంస్య పతకం గెలిచిన సోవియట్ జట్టులో ఆయన ఒకరు.

ఆట మానేశాక కోచ్ అయ్యారు. రష్యా లీగ్ 1992లో మొదలైంది. మొదటి మూడేళ్లూ మాస్కోకు చెందిన స్పార్టక్ జట్టే గెలిచింది. 1995లో గజ్జాయెవ్ తన ఊరి జట్టు అలానియాను విజేతగా నిలిపారు. రాజధాని బయటి జట్టు ఆ లీగ్ గెలవడం అదే మొదటిసారి.

తర్వాత ఆయన సీఎస్కేఏకు వచ్చారు. ఇది ఒకప్పుడు సైన్యం క్రీడా సంఘానికి చెందిన జట్టు. 2003లో ఆయన దానికి లీగ్ గెలిపించారు. కానీ ఆ ఏడాదే రష్యా జాతీయ జట్టు వరుసగా ఓడింది. దాని కోచ్ కూడా ఆయనే కావడంతో ఆ బాధ్యత వదులుకున్నారు. ఏడాది చివర సీఎస్కేఏ కూడా ఆయన స్థానంలో మరొకరిని పెట్టుకుంది. కొన్ని నెలలకే, 2004 మధ్యలో, ఆ క్లబ్బే ఆయనను మళ్లీ పిలిచింది. ఆయన వెళ్లారు.

ఇప్పుడు లిస్బన్‌కు వద్దాం. రెండో సగంలో అలెక్సీ బెరెజుత్స్కీ స్కోరు సమం చేశాడు. జిర్కోవ్ రెండో గోల్ కొట్టాడు. 75వ నిమిషంలో స్పోర్టింగ్ కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలింది. వెంటనే మాస్కో జట్టు ఎదురుదాడి చేసింది. వాగ్నర్ లవ్ మూడో గోల్ వేశాడు. 3-1! రష్యా క్లబ్ ఒకటి యూరప్ కప్పు గెలవడం అదే తొలిసారి. ఆ ఏడాదే సీఎస్కేఏ రష్యా లీగ్, రష్యా కప్ కూడా గెలుచుకుంది.

బదిలీల మీద ఊళ్లు మారే మనకు కొత్త బడిలో చేరడం అలవాటే. ఒకసారి వదిలిన చోటికి తిరిగి వెళ్లడం మాత్రం కొంచెం కష్టం. గెలిచినా పదవి పోవచ్చు, పోయినది తిరిగి రావచ్చు. రెండు సందర్భాల్లోనూ మన వెంట ఉండేది మనం నేర్చుకున్న పనే.

ఆలోచించండి:
1. 1995 లీగ్ విజయం ఎందుకు ప్రత్యేకమైనది?
2. మీరే గజ్జాయెవ్ అయితే 2004లో తిరిగి వెళ్లేవారా? ఎందుకు?