ధర్మకర్త ఎంతకు రాజీపడవచ్చు?



తండ్రి లేని పిల్లవాడి పొలానికి మేనమామ ధర్మకర్తగా ఉన్నాడనుకోండి. పక్కనున్న మిల్లు ఏళ్ల తరబడి మురికినీరు వదిలి ఆ పొలాన్ని పాడుచేసింది. మేనమామ కోర్టుకెక్కాడు. బాధ్యత మిల్లుదేనని తేలింది. నష్టం ఎంతో చెప్పే తీర్పు రానున్న సమయంలో, అడిగిన సొమ్ములో నూటికి రెండున్నర పాళ్లకు మేనమామ రాజీపడ్డాడు. పైగా, వచ్చేదానిలో ఎక్కువ భాగం ఇంటి ఖర్చులకు వాడుకునేలా ముందే ఏర్పాటు చేసుకున్నాడు. ఊరి పెద్దలు ఊరుకుంటారా?

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 2015లో చెలరేగిన వివాదం ఇంచుమించు ఇలాంటిదే. మన తెలుగువారెందరో స్థిరపడిన ఎడిసన్, జెర్సీ సిటీలకు దగ్గరలోనే లిండెన్, బయోన్ అనే ఊళ్లున్నాయి. అక్కడ ఎక్సాన్ మొబిల్ కంపెనీ, దానికి ముందు స్టాండర్డ్ ఆయిల్, దశాబ్దాల పాటు చమురు శుద్ధి కర్మాగారాలు నడిపాయి. ఆ చమురు వ్యర్థాలతో 1,500 ఎకరాలకు పైగా చిత్తడి నేలలు, నీటి తావులు చెడిపోయాయని రాష్ట్రం 2004లో దావా వేసింది. కోరిన పరిహారం 890 కోట్ల డాలర్లు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మురికిని శుభ్రం చేయడం వేరు, జరిగిన నష్టాన్ని పూడ్చడం వేరు. శుభ్రం చేసే బాధ్యత కంపెనీ మీద విడిగా ఉంది, రాజీ తరువాత కూడా అది పోలేదు. దావా రెండవదాని గురించి. చేపలు, పక్షులు, మంచినీరు ఇన్నేళ్లు ప్రజలకు దక్కకుండా పోయినందుకు విలువ కట్టమన్నారు. దొంగిలించిన గొడ్డును తిరిగి తోలినంత మాత్రాన సరిపోదు, అన్నాళ్లూ పిండుకున్న పాల లెక్క కూడా చెప్పాలి. పాపసంకీర్తనానికి వచ్చినవారికి మేము చెప్పేది అదే గదా!

2014లో నెలల తరబడి విచారణ జరిగింది. న్యాయమూర్తి మైకేల్ హోగన్ తీర్పు రాయవలసి ఉండగా, 2015 ఆరంభంలో గవర్నర్ క్రిస్ క్రిస్టీ ప్రభుత్వం 22.5 కోట్ల డాలర్లకు ఒప్పుకున్నది. రాష్ట్రంలోని మరికొన్ని స్థలాలు, పెట్రోలు బంకులు కూడా ఆ ఒప్పందంలోనే చేర్చారు. సెనేటర్ రేమండ్ లెస్నియాక్, పర్యావరణ సంఘాలవారు మండిపడ్డారు. అయిదు కోట్ల డాలర్లకు మించి వచ్చేదంతా సాధారణ ఖజానాకు మళ్లించే వీలు బడ్జెట్ చట్టంలో ఉండడం వారి కోపానికి మరొక కారణం.

ప్రభుత్వ వాదనను కూడా న్యాయంగా వినాలి. 890 కోట్లన్నది రాష్ట్రం తరఫు నిపుణులు వేసిన అంచనా, కోర్టు తేల్చిన మొత్తం కాదు. చిత్తడి నేల విలువను ఏ కొలతతో కట్టాలన్న దానిపై పెద్ద తగాదా ఉంది. తీర్పు వచ్చినా అప్పీళ్లతో ఏళ్లు గడుస్తాయి, చివరకు చేతికి ఏమీ రాకపోనూవచ్చు. ఈ ప్రమాదాలను లెక్కలోకి తీసుకొనే హోగన్ 2015 ఆగస్టులో ఒప్పందాన్ని ఆమోదించారు. 2018లో అప్పీలు కోర్టు కూడా దానినే నిలబెట్టింది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివినప్పటి నుండి నాకొక అలవాటు, ఎంత అనేకంటే ముందు ఎవరిది అని అడుగుతాను. తన సొమ్మయితే మనిషి సగానికి వదులుకోవచ్చు, పూర్తిగా మాఫీ చేయవచ్చు, అది ఔదార్యం. ఆ నేలలూ నీళ్లూ ప్రజలవి, రాష్ట్రం వాటికి ధర్మకర్త మాత్రమే. తగ్గించి రాజీపడడంలో వివేకం ఉండవచ్చునేమో, నేను కాదనను. కాని నేలకు వచ్చిన పరిహారంతో బడ్జెట్ లోటు పూడ్చుకునే ఆలోచనను మాత్రం ఏ వాదనతోనూ సమర్థించలేను. పిల్లవాడి పొలం డబ్బుతో మేనమామ తన ఇంటి కప్పు వేయించుకున్నట్టే.

న్యూజెర్సీ ఓటర్లకూ అలాగే తోచినట్టుంది. ఇటువంటి పరిహారాలను పర్యావరణానికే వినియోగించాలనే రాజ్యాంగ సవరణను 2017 నవంబరులో వారు ఆమోదించారు. వచ్చిన సొమ్ము ఎటు పోవాలో ఆ సవరణ చెప్పింది. ఎంతకు రాజీపడాలన్న సంగతిని మాత్రం అది ముట్టుకోలేదు.