గిరాకి ఒక్కటే చాలదు

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే రోడ్డు మీద ఎడపల్లి ఉంది. అది మండల కేంద్రం. పొద్దున్నే బస్సు కోసం నిలబడేవాళ్లు, బడికి పోయే టీచర్లు, కూలికి పోయేవాళ్లు, మండలాఫీసులో పనిబడి పల్లెల నుంచి వచ్చేవాళ్లు – అందరికీ ఆకలి వేస్తుంది. అందరికీ తొందరే. అరగంట కూర్చుని తినే తీరిక ఎవరికీ ఉండదు.

అందుకే ఇటువంటి ఊళ్లలో రోడ్డు పక్కన టిఫిన్ బండ్లు ఉంటాయి. పొద్దున ఇడ్లీ, వడ, పూరి. మాపటికి మిర్చి బజ్జీలు. తర్వాత తర్వాత 'ఫాస్ట్ ఫుడ్ సెంటర్' అని బోర్డు పెట్టి నూడుల్స్, ఎగ్ రైస్ చేసే బండ్లు కూడా వచ్చాయి. ఫాస్ట్ ఫుడ్ అంటే తొందరగా చేతికి అందే తిండి. ఆ లెక్కన మన ఇడ్లీ బండి కూడా ఫాస్ట్ ఫుడ్డే!

ఒకే రోడ్డు. ఒకే రకం తిండి. ఒకటే ధర. అయినా ఒక బండి ఏండ్ల తరబడి నడుస్తుంది. ఇంకొకటి ఆరు నెలలకే మూతబడుతుంది. ఎందుకు?

"చేతి రుచి" అంటారు కొందరు. "నసీబు" అంటారు ఇంకొందరు. రుచి ఉండాలి, నిజమే. కాని రుచి ఉండి కూడా మూతబడే బండ్లు ఉంటాయి. గిరాకి ఉండి కూడా మూతబడేవి ఉంటాయి. మరి అసలు సంగతి ఏమిటో చూద్దాం.

రెండు బండ్లు

రెండు బండ్లు ఉన్నాయనుకుందాం. ఒకటి వేపచెట్టు కింద. ఇంకొకటి బస్సులు ఆగే చోట. ఇవి మనం ఊహించుకున్న బండ్లే. కాని ఇటువంటివి మీకు తెలియనివి కావు.

రెండింటినీ ఆడవాళ్లే నడుపుతున్నారు. ఇద్దరూ మహిళా సంఘంలో 50,000 రూపాయల అప్పు తీసుకున్నారు. ఇద్దరూ వంటలో గట్టివాళ్లే. ఇద్దరూ పొద్దున 4 గంటలకే లేస్తారు.

బస్సు దగ్గరి బండి మీద పెద్ద బోర్డు ఉంది. ఇడ్లీ, వడ, పూరి, దోశ, ఉప్మా, మైసూర్ బజ్జీ, పరోటా – మొత్తం 11 రకాలు రాసి ఉన్నాయి. ఏడున్నరకు ఒకతను వచ్చాడు.

"అక్కా, పరోటా ఉన్నదా?"

"ఉన్నది తమ్మీ. జర ఆగు, ఒత్తి కాలుస్త."

పిండి ముద్ద బల్ల కింద ఉంది. అప్పడాల కర్ర ఎక్కడో ఉంది. ఆమె వెతుకుతూ ఉంది. అంతలో బస్సు వచ్చింది. అతను ఎక్కి పోయాడు. పరోటా పెనం మీదే మిగిలింది. ఆమె పరోటా కాలుస్తుంటే ఇడ్లీ కోసం నిలబడ్డ ఇద్దరు వేపచెట్టు వైపు నడిచారు.

వేపచెట్టు బండి మీద మూడే రకాలు. ఇడ్లీ, వడ, పూరి.

"ఏమక్కా, దోశ లేదా?"

"దోశ చెయ్య తమ్మీ. ఇడ్లీ వేడిగున్నది, వడ ఇప్పుడే దించిన. ఏది పెట్టాలె?"

"సరే, ఇడ్లీ పెట్టు."

మాట పూర్తయ్యేలోపు ప్లేటు చేతిలో ఉంది. ఎట్లా? ఆమె చేతులు చూడండి. ఎడమ పక్క ప్లేట్లు. వాటి పక్కన ఇడ్లీ పాత్ర. ఎదురుగా చట్నీ గిన్నె, అందులో గరిటె. ఆమె ఒక్క అడుగు కూడా వేయదు. పైసలు ఆమె ముట్టదు. సహాయానికి ఉన్న మనిషి గల్లా పెట్టె చూసుకుంటుంది. వడ్డించే చేయి వేరు, పైసలు తీసుకునే చేయి వేరు. దీనివల్ల పని తొందరగా అవుతుంది. నోట్ల మురికి తిండికి అంటదు.

అమెరికా అన్నదమ్ముల కథ

ఇదే సంగతిని దూరదేశంలో ఇద్దరు అన్నదమ్ములు చేసి చూపించారు. అమెరికాలో కాలిఫోర్నియా అనే రాష్ట్రం ఉంది. అక్కడ శాన్ బెర్నార్డినో అనే ఊరిలో మెక్‌డొనాల్డ్ సోదరులు 1940లో ఒక హోటల్ పెట్టారు. మంచి గిరాకి ఉండేది. బోర్డు మీద 25 దాకా రకాలు ఉండేవి.

1948లో వాళ్లు కూర్చుని పాత బిల్లులన్నీ చూశారు. జనం ఎక్కువగా కొనేది ఒక్క హాంబర్గర్ అని తేలింది. హాంబర్గర్ అంటే గుండ్రటి బ్రెడ్డు మధ్యలో మాంసం బిళ్ల పెట్టి ఇచ్చేది. అప్పుడు వాళ్లు ఏం చేశారో తెలుసా? బాగా నడుస్తున్న హోటల్‌ను దాదాపు మూడు నెలలు మూసేశారు! రకాలు 9కి తగ్గించారు. వంటగదిని పూర్తిగా మార్చారు. ఒకరు కాల్చాలి, ఒకరు పేర్చాలి, ఒకరు చుట్టి ఇవ్వాలి. ఎవరి పని వారిదే. 30 సెంట్ల హాంబర్గర్‌ను 15 సెంట్లకే అమ్మారు. సెంటు అంటే అక్కడి పైస.

మొదట్లో గిరాకి పడిపోయింది. ఓపిక పట్టారు. కొన్ని నెలలకు జనం వరుస కట్టారు. తర్వాత కొత్త కట్టడం కట్టించేటప్పుడు వాళ్లు ఇంకో పని చేశారు. ఇంటి వెనుక టెన్నిస్ ఆడే జాగలో సుద్దముక్కతో వంటగదిని గీశారు. పనివాళ్లను అందులో నడిపించి చూశారు. ఎవరు ఎవరికి అడ్డం వస్తున్నారు? పొయ్యి ఎక్కడ ఉంటే అడుగులు తగ్గుతాయి? అది తేలాకే కట్టారు.

వాళ్ల తిండి గొప్పదని చెప్పడం లేదు. అటువంటి తిండి రోజూ తింటే ఒంటికి మంచిది కాదు. ఆ పేరుతో దుకాణాలు 1996లో మన దేశానికి కూడా వచ్చాయి. మనకు ఆ రొట్టె అక్కర లేదు. వాళ్ల లెక్క కావాలి. రాసి పెట్టిన బిల్లులు ఉన్నాయి కాబట్టే ఏది అమ్ముడుపోతుందో వాళ్లకు తెలిసింది.

మిగిలిన పిండి ఎంత మింగుతుంది?

ఇప్పుడు మన బండి లెక్క రాద్దాం. రెండు బండ్లూ 80 ప్లేట్లకు సరిపడా సామాను తెచ్చుకున్నాయి. ప్లేటు 30 రూపాయలు. లెక్క తేలికగా ఉండాలని ఖర్చు ఇద్దరికీ ఒకటే అనుకుందాం.

ఇడ్లీ రవ్వ, మినపప్పు, పిండి – 480
పల్లీలు, పుట్నాలు, మిర్చి – 330
నూనె – 260
గ్యాస్ – 240
ప్లేట్లు, కవర్లు – 90
సహాయం చేసే మనిషి కూలి – 400
జాగ కిరాయి – 50
మొత్తం ఖర్చు – 1,850

వేపచెట్టు బండిలో 80 ప్లేట్లూ అమ్ముడుపోయాయి. వచ్చింది 2,400. ఖర్చు పోను 550 మిగిలింది.

బస్సు దగ్గరి బండిలో 68 ప్లేట్లే అమ్ముడుపోయాయి. 12 ప్లేట్ల సామాను మిగిలింది. పిండి మరునాటికి పులిసిపోతుంది. చట్నీ పనికి రాదు. వచ్చింది 2,040. ఖర్చు పోను మిగిలింది 190.

సంఘం అప్పు నెలకు 2,500 కట్టాలి. నెలకు 25 రోజులు బండి పెడితే రోజుకు 100 అప్పుకు పోతుంది. వేపచెట్టు అక్కకు ఇంటికి 450 మిగిలింది. రెండో అక్కకు 90 మిగిలింది. సహాయం చేసిన మనిషికి 400 కూలి ముట్టింది. పొద్దున 4 గంటలకు లేచిన యజమానికి 90! బండి ముందు జనం ఉన్నారు. 68 ప్లేట్లు తక్కువేమీ కాదు. అయినా కిస్తీ రోజు వస్తే ఆమె గుండె దడదడలాడుతుంది. తేడా అంతా ఆ 12 ప్లేట్లలో ఉంది.

వేపచెట్టు అక్కకు 80 ప్లేట్లే పోతాయని ఎట్లా తెలుసు? ఆమె దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. రోజూ నాలుగే మాటలు రాస్తుంది. తేదీ, వారం, ఎన్ని ప్లేట్లు పోయాయి, ఎంత మిగిలింది. సంత రోజు 110 పోతాయి. ఆదివారం ఆఫీసులు, బడులు ఉండవు, 55 పోతాయి. వాన పడితే ఇంకా తక్కువ. ముందు రోజు రాత్రి పప్పు నానబోసే ముందు ఆమె ఆ పుస్తకం చూస్తుంది. రెండు గ్లాసులు తగ్గించాలా, పెంచాలా అని అప్పుడే తేలుతుంది.

బోధన్ చుట్టుపక్కల వాళ్లకు ఇంకో సంగతి తెలుసు. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీని 1937లో నెలకొల్పారు. చెరుకు గానుగాడే కాలంలో ఆ దారిలో చెరుకు బండ్లు, లారీలు బారులు తీరేవి. డ్యూటీ ఎక్కేవాళ్లు, దిగేవాళ్లు ఉండేవాళ్లు. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతబడింది. ఆ గిరాకి పోయింది. అటువంటి మార్పు వచ్చినప్పుడు పాత అలవాటు ప్రకారం పిండి రుబ్బేవాళ్లు మునుగుతారు. పది రోజుల లెక్క చూసి పిండి తగ్గించుకున్నవాళ్లు నిలబడతారు.

వంటగది తలుపు తెరిచి ఉంచితే

బెంగళూరులో మావల్లి టిఫిన్ రూమ్ అనే పాత హోటల్ ఉంది. దాన్ని 1924లో ఉడిపి ప్రాంతం నుంచి వచ్చిన అన్నదమ్ములు మొదలుపెట్టారు. వాళ్లలో ఒకరు 1951లో యూరప్ పోయి అక్కడి హోటళ్లు ఎట్లా నడుస్తున్నాయో చూసి వచ్చారు. వచ్చి, గిన్నెలు, గ్లాసులు ఆవిరితో శుద్ధి చేయించారు. శుభ్రతకే ఆ హోటల్ పేరుపడింది.

మనకు ఆవిరి యంత్రం లేదు. కాని మూడు తొట్లు పెట్టగలం. ఒకదానిలో సబ్బు నీళ్లు, రెండోదానిలో మంచి నీళ్లు, మూడోదానిలో వేడి నీళ్లు. ఒకే బకెట్‌లో ప్లేట్లన్నీ ముంచి తీయడం కడగడం కాదు. అది ఒకరి ఎంగిలి ఇంకొకరికి పంచడం.

మాపటి ఫాస్ట్ ఫుడ్ బండ్లలో ఎక్కువ ప్రమాదం అన్నంతో వస్తుంది. చాలామందికి ఇది తెలియదు. మధ్యాహ్నం వండిన అన్నాన్ని గంపలో పోసి రాత్రి 9 దాకా ఉంచుతారు. పొయ్యి మీద ఎగరేసి ఇస్తారు. "మంట మీద వేయించినం కదా, ఏమైతది?" అనుకుంటారు. వండిన అన్నం వెచ్చగా గంటల తరబడి ఉంటే అందులో ఒక రకం సూక్ష్మజీవులు పెరుగుతాయి. అవి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. వాంతులు పట్టుకుంటాయి. బాగా నడిచే బండివాళ్లు ఒక్కసారే గంపెడు వండరు. కొంచెం కొంచెంగా రెండు మూడు సార్లు వండుతారు.

నూనె సంగతి కూడా అంతే. బజ్జీల నూనె నల్లబడిందా? చిక్కబడిందా? నురుగు వస్తోందా? పారబోయాలి. నూనె మళ్లీ మళ్లీ కాగితే చెడు పదార్థాలు పుడతాయి. అవి నూటికి 25 పాళ్లు దాటితే వాడరాదని 2018 జూలై 1 నుంచి నియమం ఉంది. చూడడానికి నూనె పారబోస్తే నష్టంలాగే ఉంటుంది. కాని ఒక్క పిల్లవాడికి కడుపునొప్పి వచ్చిందంటే ఊరంతా తెలుస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి నూనె పోసినా నమ్మరు.

ఆహార భద్రత చట్టం 2006లో వచ్చింది. 2011 ఆగస్టు 5 నుంచి అమలవుతోంది. దాని ప్రకారం చిన్న బండి కూడా పేరు నమోదు చేసుకోవాలి. అలాగే ఇంటి గ్యాస్ సిలిండర్‌తో వ్యాపారం చేయరాదు. పట్టుబడితే సిలిండరూ పోతుంది, ఆ రోజు గిరాకీ పోతుంది.

గోడ మీద కొలత

వేపచెట్టు అక్కకు ఒకసారి మూడు రోజులు జ్వరం వచ్చింది. బండి ఆగలేదు. ఆమె ఇంటి గోడకు ఒక అట్ట వేలాడదీసి ఉంది. "మినపప్పు 1 గ్లాసు, ఇడ్లీ రవ్వ 2 గ్లాసులు" అని రాసి ఉంది. ఉప్పు ఎన్ని చెంచాలో, చట్నీకి పల్లీలు ఎన్ని గ్లాసులో కూడా రాసి ఉంది. సహాయం చేసే ఆమె దాన్ని చదివి అదే కొలతతో చేసింది. తినేవాళ్లకు తేడా తెలియలేదు. చేతి రుచి అనుకున్నది సగం కొలతే!

ఆ మనిషి ఆ మూడు రోజులు ఎందుకు అంత కష్టపడింది? ఆమెకు ఏ పూట కూలి ఆ పూటే ముడుతుంది. పది మందిలో తిట్లు ఉండవు. నెలకో కొత్త మనిషిని పెట్టుకునే బండిలో రోజూ నేర్పించడంతోనే సరిపోతుంది.

ఇక ఉద్దెర. తెలిసినవాళ్లకు లేదనడం కష్టం. వేపచెట్టు అక్క ఉద్దెర ఇస్తుంది. కాని నోటుబుక్కు చివరి పేజీలో రాయిస్తుంది.

"రాసుడెందుకక్కా, నేనెక్కడికి పోత?"

"నువ్వు పోవు బిడ్డా, నాకే యాది ఉండది. తారీఖు వేసి నీ చేత్తోనే రాయి."

ఎవరూ కోపగించుకోరు. వారానికి ఒకసారి ఆ పేజీ చూసి అడుగుతుంది.

లెక్క చేయండి

1. ఒక బండిలో 60 ప్లేట్లు పోయాయి. ప్లేటు 30 రూపాయలు. ఖర్చు 1,500 రూపాయలు. ఎంత మిగలాలి?

2. ఆ 60లో 8 ప్లేట్లు ఉద్దెర పోయాయి. ఖర్చు పోను ఆ రాత్రి గల్లా పెట్టెలో నిజంగా ఎంత ఉంటుంది? మరునాటి సామానుకు అది సరిపోతుందా?

3. మీకు తెలిసిన ఒక టిఫిన్ బండి దగ్గర పది నిమిషాలు నిలబడండి. ఎంతమంది వచ్చారు? ఎంతమంది తినకుండా వెనక్కి పోయారు? ఎందుకు పోయారు? నోటుబుక్కులో రాసుకుని వచ్చి కేంద్రంలో చదివి వినిపించండి.