ఓ గ్రూపైతే మలేరియా రాదా?

ప్రశ్న: నాకు రెండుసార్లు మలేరియా వచ్చింది. రెండోసారి ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. మా ఆవిడకు మాత్రం ఒక్కసారీ రాలేదు. నాది బి గ్రూపు, ఆమెది ఓ. ఓ గ్రూపు వాళ్లకి మలేరియా రాదని మా మావయ్య అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: మీ మావయ్య గారి మాటలో సగం నిజముంది. మలేరియా ఓ గ్రూపు వాళ్లకీ వస్తుంది. కాకపోతే ఫాల్సిపారం రకం ముదిరి మెదడుకెక్కడం, ప్రాణం మీదికి రావడం వాళ్లలో కొంత తక్కువ. క్రిమి చేరిన ఎర్రకణానికి చుట్టూ ఉన్న మంచి కణాలు అతుక్కుని, గుత్తులు కట్టి, సన్నటి రక్తనాళాలకు అడ్డుపడతాయి. ఏ, బి గ్రూపుల కణాల మీదుండే చక్కెర అణువులు ఈ అతుకుడికి బాగా పనికొస్తాయి. ఓ కణాలకు అవి లేవు కాబట్టి గుత్తులు వదులుగా ఉంటాయి.

తాను లేకపోతే ఒక రకం మలేరియా గుమ్మంలోనే ఆగిపోయే గ్రూపు ఇంకోటుంది. దాని పేరు డఫీ. వైవాక్స్ రకం క్రిమి తన డఫీ బైండింగ్ ప్రోటీన్‌తో ఎర్రకణం మీది డఫీని పట్టుకునే లోపలికి దూరుతుంది. అమెరికాలో లూయీ మిల్లర్ బృందం 1976లో దీన్ని తేల్చింది. దోమల చేత కుట్టించుకున్న వాలంటీర్లలో డఫీ లేని నల్లజాతీయులే జ్వరం రాకుండా బయటపడ్డారు. పశ్చిమ ఆఫ్రికాలో దాదాపు ఎవరికీ డఫీ ఉండదు, అక్కడ వైవాక్స్ చాలా అరుదు. మన దగ్గర దాదాపు అందరికీ ఉంటుంది. పైగా మడగాస్కర్‌లో డఫీ లేనివాళ్లకీ వైవాక్స్ సోకినట్టు 2010లో బయటపడింది. అందుచేత మీ ఆవిడను కూడా దోమతెర కిందే పడుకోమనండి. జ్వరం వస్తే గ్రూపు సంగతి పక్కనబెట్టి అదే రోజు ఆశా కార్యకర్త చేత పరీక్ష చేయించండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. మెరోజోయిట్ ఎర్రకణంలోకి చిల్లు పడకుండా ఎలా వెళ్తుంది సార్? నోట్సులో ప్రోటీన్ల పేర్లు లెక్కకు మించి ఉన్నాయి. ఏవి ముఖ్యం?
– విద్యార్థిని, వరంగల్

జవాబు: పేర్లు బట్టీ పట్టకమ్మా, ఏది ముందో ఏది వెనకో చూసుకో. ఫాల్సిపారం సంగతే చెబుతాను. మెరోజోయిట్ అంటే ఎర్రకణంలోకి దూరే దశలోని క్రిమి. దాని పొడవు మైక్రోమీటరున్నర, ఎర్రకణం అడ్డంగా ఏడెనిమిది మైక్రోమీటర్లు. క్రిమి ముందు ఎలా పడితే అలా వచ్చి అంటుకుంటుంది. తర్వాత తన సన్నటి కొనను కణం వైపు తిప్పుకుంటుంది. అప్పుడు దాని ఈబీఏ-175 కణం మీది గ్లైకోఫోరిన్-ఎని పట్టుకుంటుంది. ఇలాంటి ప్రోటీన్లు దానికి చాలా ఉన్నాయి, ఒకటి కుదరకపోతే ఇంకోటి వాడుకుంటుంది. ఆర్‌హెచ్5కి మాత్రం బదులు లేదు. అది బేసిజిన్‌ను పట్టుకోవాల్సిందే. బ్రిటన్‌లోని సాంగర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2011లో ఈ సంగతి కనిపెట్టారు.

ఆ తర్వాత జరిగేది చదివినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే. క్రిమి తన కొనలోని సంచుల నుంచి ఆర్‌ఓఎన్2 అనే సొంత ప్రోటీన్‌ను కణం పొరలోకి దించుతుంది. ఆపై తన ఒంటి మీది ఏఎంఏ1తో దాన్నే పట్టుకుంటుంది. కణం మీద ఏదో ఒకటి దొరక్కపోతుందా అని చూడదు, పట్టును కూడా వెంట తెచ్చుకుంటుంది! ఆ పట్టు గుండ్రంగా చుట్టుకుని వెనక్కి జరుగుతుంటే, క్రిమిలోని యాక్టిన్-మయోసిన్ దాన్ని ముందుకు నెడతాయి. పైపూత చాలామటుకు కుబుసంలా ఊడి బయటే ఉండిపోతుంది. కణం పొర లోపలికి మడుచుకుని క్రిమి చుట్టూ సంచి అయిపోతుంది కాబట్టి చిల్లు పడదు. ఇలా దూరడానికి పట్టేది అరనిమిషమే. ఆ తర్వాత కణం కాసేపు ఒళ్లంతా ముళ్లు లేచినట్టు ముడుచుకుని మళ్లీ మామూలవుతుంది. ఆర్‌హెచ్5, ఆర్‌ఓఎన్2, ఏఎంఏ1 ఈ వరసలో రాస్తే మార్కులకు లోటుండదు.

ప్రశ్న: ఆఫ్రికా పిల్లలకు వేస్తున్న మలేరియా టీకా పుణెలోనే తయారవుతోందట. మరి మన పిల్లలకెందుకు వేయరు?
– ఒక తల్లి, భద్రాచలం

జవాబు: మీరు విన్నది నిజమే. ఆక్స్‌ఫర్డ్ వాళ్లు రూపొందించిన ఆర్21 టీకాను సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దాన్ని సిఫార్సు చేసింది. అది ఫాల్సిపారం మీదే పనిచేస్తుంది. దోమ వదిలిన క్రిమి కాలేయానికి చేరకముందే అడ్డుకునేలా చేసింది. మనకు వైవాక్స్ బెడద కూడా ఉంది, దానికి ఇది అక్కరకు రాదు.

కాలేయం దాటి రక్తంలోకి వచ్చాక ఆపే టీకా ఎందుకు రాలేదంటే, క్రిమి ఒక కణం వదిలి ఇంకో కణంలో దూరేలోపు బయట కనిపించేది నిమిషమో రెండు నిమిషాలో. యాంటీబాడీలు ఆ కాస్త వ్యవధిలోనే పని ముగించాలి. పోనీ ఏఎంఏ1ను గురిపెడదామంటే అది ఊరికో రూపంలో ఉంటుంది. అంతగా రూపం మార్చని ఆర్‌హెచ్5 మీదే ఇప్పుడు అందరి చూపూ. బుర్కినాఫాసోలో పిల్లల మీద జరిపిన పరీక్షలో ఆరు నెలల పాటు సుమారు 55 శాతం రక్షణ కనిపించింది. వైవాక్స్ డఫీ ప్రోటీన్‌తో చేసిన టీకానూ ఆక్స్‌ఫర్డ్‌లో వాలంటీర్లకు వేసి చూశారు, రక్తంలో క్రిమి పెరిగే వేగం దాదాపు సగానికి తగ్గింది. ఇవేవీ ఇంకా ఆసుపత్రికి రాలేదు. టీకా వచ్చిందని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ప్రశ్న: వైవాక్స్ అని చెప్పి 14 రోజుల మాత్రలిచ్చారు. జ్వరం తగ్గిందని నాలుగో రోజే ఆపేశాను. ఫర్వాలేదా?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఫర్వా ఉంది. జ్వరం తగ్గించింది క్లోరోక్విన్, అది రక్తంలోని క్రిమి పని పట్టింది. వైవాక్స్ కొంత కాలేయంలో నిద్రపోతుంది. నెలల తర్వాత లేచి మళ్లీ ఎర్రకణాల్లో పడుతుంది. ఆ నిద్రపోయే క్రిమిని చంపడానికే ఆ 14 రోజుల ప్రైమాక్విన్ మాత్రలు. మిగిలిన మాత్రలు మీ అంతట మీరు మొదలుపెట్టకండి. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లలో ప్రైమాక్విన్ ఎర్రకణాలను పగలగొడుతుంది. మాత్రల అట్ట, పాత చీటీ పట్టుకుని వెళ్లి, జీ6పీడీ పరీక్ష చేయించి, డాక్టరు చెప్పినట్టు పూర్తి కోర్సు వాడండి.