యంత్రంతో పాటు లేచే సేవకులు

కంప్యూటర్‌లో తెరవెనుక ఉండి, ఎవరైనా అడిగేదాకా కాచుకొని కూర్చునే ప్రోగ్రామును ‘డీమన్’ అంటారు. 1963 ప్రాంతంలో ఎం.ఐ.టి.లోని ప్రాజెక్ట్ మాక్ వాళ్ళు పెట్టిన పేరిది. భౌతికశాస్త్ర విద్యార్థులకు మాక్స్‌వెల్ భూతం గుర్తుండే ఉంటుంది. అలుపు లేకుండా అణువులను వేరుచేసే ఆ ఊహాజీవి పేరునే వీటికీ పెట్టారు.

మరి ఈ డీమన్లను నిద్ర లేపేదెవరు? యూనిక్స్ సంప్రదాయంలో కెర్నెల్ మేలుకున్నాక మొదట నడిపేది ‘ఇనిట్’ అనే ప్రోగ్రాము. దాని సంఖ్య 1. మిగతా సేవలన్నీ దాని సంతానమే. 1983లో వచ్చిన సిస్టమ్ ఫైవ్ పద్ధతిలో ఒక్కో సేవకు ఒక్కో స్క్రిప్టు ఉండేది. పేరు మొదట ‘ఎస్’ ఉంటే ప్రారంభించమని, ‘కె’ ఉంటే ఆపమని అర్థం. పక్కనున్న అంకెను బట్టి వరుస. 2010లో వచ్చిన సిస్టమ్‌డీ ఈ వరుసకు బదులు, ఏ సేవకు ఏది అవసరమో చిన్న ఫైలులో రాయమంటుంది. వీలైనవాటిని ఒకేసారి లేపుతుంది.

ఇక్కడ రెండు సంగతులు బాగా గుర్తుంచుకోవాలి. మొదటిది, ‘స్టార్ట్’ వేరు, ‘ఎనేబుల్’ వేరు. స్టార్ట్ అంటే ఇప్పుడు నడుపు అని. ఎనేబుల్ అంటే ఇకమీదట యంత్రం లేచినప్పుడల్లా నడుపు అని. ఒకటి చేస్తే రెండోది దానంతట అది జరగదు. రెండవది, ‘రిక్వైర్స్’ అంటే ఫలానా సేవ నాకు కావాలి అని మాత్రమే. అది నాకంటే ముందు లేవాలంటే ‘ఆఫ్టర్’ అని కూడా రాయాలి. లేకపోతే రెండూ ఒకేసారి బయలుదేరతాయి.

ఉదాహరణకు, ఒక కళాశాల గ్రంథాలయపు పుస్తకాల పట్టిక సర్వర్‌లో ఉందనుకుందాం. డేటాబేస్‌ను స్టార్ట్ చేశారు గానీ ఎనేబుల్ చేయలేదు. నెలల తరబడి అంతా సవ్యంగానే నడుస్తుంది. పరీక్షల ముందు ఒకరాత్రి కరెంటు పోయి వస్తుంది. యంత్రం లేస్తుంది, డేటాబేస్ లేవదు. తెల్లారి పుస్తకాల కోసం వచ్చినవాళ్ళు బల్ల దగ్గర బారులు తీరతారు. ఏర్పాటు చేసిన మనిషి ఊళ్ళో ఉండడు!

కాబట్టి మిత్రులారా, సేవ నడుస్తోంది కదా అని పని అయిపోయిందనుకోకండి. ఎవరికీ ఇబ్బంది లేని వేళ చూసి యంత్రాన్ని ఒకసారి రీబూట్ చేయండి. కీబోర్డు ముట్టుకోకుండా చూడండి. అన్నీ వాటంతట అవే లేస్తేనే మీ పని పూర్తయినట్టు.