షార్ రోడ్డు మీద మన హక్కులేంటి? తరచూ అడిగే ప్రశ్నలు

సూళ్లూరుపేట నుంచి రాకెట్ ప్రయోగ కేంద్రం షార్ ఉన్న శ్రీహరికోటకు దాదాపు 18 కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం పులికాట్ సరస్సు మీదుగా వేసిన కట్టే. ఇటు నీళ్లు, అటు నీళ్లు. ఊళ్లో ట్రాఫిక్ ఆగిపోతే ఏదో ఒక సందులో దూరి బయటపడతాం. ఇక్కడ దూరడానికి సందే లేదు. ఒక్క కారు అడ్డంగా ఆగిందంటే వెనకున్నవాళ్లంతా అది కదిలేదాకా చూస్తూ కూర్చోవాల్సిందే. రోజూ షార్ బస్సులు, షేర్ ఆటోలు, డ్యూటీకెళ్లే మోటారు సైకిళ్లు. చలికాలంలో వీటికి ఫ్లెమింగోల్ని చూడవచ్చే కార్లు తోడవుతాయి. ప్రయోగం రోజైతే చెన్నై, నెల్లూరు, తిరుపతి నుంచి వచ్చే బళ్లన్నీ ఈ కట్ట మీదే. తోటివాళ్లు నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలు, నేను నలుగురినీ అడిగి, చట్టం తిరగేసి తెలుసుకున్న జవాబులు ఇవి. కింద రాసిన జరిమానాలు 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో ఉన్నవి. అక్కడికక్కడ కట్టే రుసుము ఎంతన్నది రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి చలానాలో అంకె మారవచ్చు.

పక్షుల్ని చూద్దామని కారు రోడ్డు మీదే ఆపేస్తారు. రెండు నిమిషాలే కదా అంటారు. అది తప్పు కాదా?

తప్పే. ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అసౌకర్యం కలిగేలా రోడ్డు మీద బండి వదలకూడదని సెక్షన్ 122 చెబుతోంది. రాకపోకలకు అడ్డంగా బండి నిలిపితే సెక్షన్ 201 కింద రూ. 500 దాకా జరిమానా, దాన్ని లాక్కెళ్లిన ఖర్చు అదనం. నాలుగు పక్కలా లైట్లు వెలిగించి ఆపితే తప్పు లేదని చాలామంది అనుకుంటారు. ఆ లైట్లు బండి చెడిపోయినప్పుడు వెనకవాళ్లను హెచ్చరించడానికే తప్ప నడిరోడ్డు మీద ఆగడానికి అనుమతి కాదు.

ఇంకో సంగతి. ఈ రోడ్డు పులికాట్ పక్షుల అభయారణ్యం గుండా పోతుంది. అభయారణ్యంలో వన్యప్రాణులను వేధించడం, చెత్త పారేయడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 27 ప్రకారం నిషిద్ధం. గుంపుగా వాలిన ఫ్లెమింగోలు లేస్తే ఫొటో బాగుంటుందని హారన్ కొట్టేవాళ్లను నేను చూశాను. నీళ్లలో తల దించి మేస్తున్న పక్షిని అలా లేపడమంటే కంచం ముందు నుంచి మనిషిని లేపేయడమే. పక్షుల్ని చూడాలనుంటే ఈ దారిలోనే వచ్చే అటకానితిప్ప దగ్గర బండి రోడ్డు దిగి నిలుపుకోండి. దూరం నుంచైనా బాగానే కనిపిస్తాయి.

హారన్ మోత భరించలేకపోతున్నాం. దానికీ చట్టం ఉందా?

ఉంది. అవసరం లేకుండా, ఆపకుండా హారన్ కొడితే సెక్షన్ 194ఎఫ్ కింద మొదటిసారి రూ. 1,000, ఆ తర్వాత రూ. 2,000. రకరకాల స్వరాలు పలికే హారన్ బిగించడమే నిషిద్ధం.

ప్రయోగం చూడ్డానికి పాస్ ఉంది. అయినా పోలీసులు దారిలో ఆపేశారు. ఆపే హక్కు వాళ్లకుందా?

ఉంది. షార్‌లో సందర్శకుల గ్యాలరీ 2019లో తెరిచారు. అందులో కూర్చుని చూడటానికి ముందే పేరు నమోదు చేసుకోవాలి. ఆ పాస్ చూపిస్తే గ్యాలరీలోకి పంపుతారు. రోడ్డు మీద అందరికంటే ముందు వెళ్లే హక్కు దానితో రాదు. ప్రజల భద్రత కోసం ఫలానా రోడ్డు మీద బళ్లు తిరగకుండా ఆంక్షలు పెట్టే అధికారాన్ని సెక్షన్ 115 ప్రభుత్వానికి ఇచ్చింది. విధుల్లో ఉన్న అధికారి చట్టప్రకారం ఇచ్చిన ఆదేశాన్ని కావాలని ధిక్కరిస్తే సెక్షన్ 179 కింద రూ. 2,000 దాకా జరిమానా. చంద్రయాన్-3 లేచిన 2023 జులై 14 లాంటి రోజున చివరి గంటలో బయల్దేరి, ఆపారని పోలీసులతో గొడవ పడితే లాభం లేదు. ముందే రండి.

వెనక అంబులెన్స్ సైరన్ మోగుతోంది. పక్కకు తప్పుకునే చోటు లేదు. ఏం చేయాలి?

చోటు ఉండీ దారి ఇవ్వకపోతే సెక్షన్ 194ఇ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా రూ. 10,000 జరిమానా, లేదా రెండూ. అగ్నిమాపక బండికీ ఇదే వర్తిస్తుంది. ఒక ప్రయోగం రోజు మధ్యాహ్నం నేను ఈ కట్ట మీద 108 బండి వెనక ముప్పావు గంట ఇరుక్కున్నాను. లోపల ఎవరున్నారో తెలీదు. ముందర కొన్ని కార్లవాళ్లు దిగి ఆకాశం వైపు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. సైరన్ వాళ్లకు వినపడుతూనే ఉంది. ఆ రోజు నుంచీ ఈ సెక్షన్ నంబరు నాకు కంఠతా వచ్చేసింది. చేయాల్సింది ఇదే: ఎడమ అంచుకు జరగండి, ముందు బండికీ మీకూ మధ్య ఒక బండి పట్టేంత జాగా వదలండి, ఎట్టి పరిస్థితిలోనూ స్టీరింగ్ వదిలి దిగకండి. ముఖ్యంగా, వరసలో నిలబడలేక కుడివైపు రెండో వరస కట్టకండి. ఎదురు దారి మూసుకుపోయేది దాంతోనే. ఎదురు దారిలో దూసుకెళ్లడం సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగ్. మొదటిసారికే రూ. 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ.

రాత్రి ఎదురొచ్చే బండి ఫుల్ లైటు వేసుకొస్తుంది. కళ్లు కనపడవు.

కట్ట మీద ఇది పెద్ద బాధ. రోడ్డు తిన్నగా ఉంటుంది, లైటు కిలోమీటరు దూరం నుంచే గుచ్చుకుంటుంది, పక్కన చూస్తే నీళ్లు. ఎదుటి బండి వస్తుంటే లైటు డిప్ చేయాలని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. వాటిని మీరితే సెక్షన్ 177ఎ కింద రూ. 500 నుంచి 1,000. అవతలివాడు దించలేదని మీరూ ఫుల్ లైటు వేయొద్దు. వేగం తగ్గించి, రోడ్డు ఎడమ అంచు మీద చూపు నిలిపి పోనివ్వండి.

బండి ఆపి కాగితాలు అడిగారు. ఇంట్లో మర్చిపోయాను. ఇంతలో తాళం లాగేసుకున్నారు.

యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపాలి. ఇది సెక్షన్ 130. సీ బుక్కు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా అడగవచ్చు. ఫోన్‌లో డిజిలాకర్ నుంచో, ఎంపరివాహన్ నుంచో చూపినా కాగితంతో సమానమే. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 139 ఆ సంగతి స్పష్టంగా చెబుతోంది. కాగితం చేతిలో లేకపోతే 15 రోజుల్లోగా పంపే వీలు కూడా అదే నిబంధనలో ఉంది.

ఇక తాళం మాట. బండిని స్వాధీనం చేసుకునే అధికారం సెక్షన్ 207 కింద ఉంది. రిజిస్ట్రేషన్ లేకపోవడం, లైసెన్సు లేకుండా నడపడం లాంటి కొన్ని సందర్భాలకే అది వర్తిస్తుంది. నడుస్తున్న బండి తాళం చెయ్యి పెట్టి లాగెయ్యమని చట్టంలో ఎక్కడా లేదు. మర్యాదగానే అడగండి: "సార్, ఏ సెక్షన్ కింద?" లైసెన్సు తీసుకుంటే రసీదు ఇవ్వాలి. అది తిరిగి చేతికొచ్చేదాకా ఆ రసీదుతో బండి నడుపుకోవచ్చు. డబ్బు కడితే ఈ-చలానా తీసుకోండి. రసీదు లేకుండా ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు.

చెయ్యని తప్పుకు ఈ-చలానా వచ్చింది.

కెమెరా పట్టిన చలానా అయితే అందులో నంబరు ప్లేటు కనపడే ఫొటో, తేదీ, సమయం, చోటు, ఏ సెక్షన్ మీరారో ఉండాలి. నిబంధన 167ఎ ఇవన్నీ అడుగుతుంది. ఫొటోలోది మీ బండి కాకపోతే కట్టకుండా ఫిర్యాదు చేయండి. తీరకపోతే కోర్టుకు వెళ్లండి. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం అది పోదు.

షేర్ ఆటోలో పది పన్నెండు మందిని కుక్కుతారు. దిగిపొమ్మంటే ఎక్కడికి పోతాం?

పల్లెలకు వేళకు బస్సు లేకపోవడం వల్లే జనం ఇలా ఎక్కుతున్నారు. అందులో ప్రయాణికుల తప్పేం లేదు. సెక్షన్ 194ఎ ప్రకారం అనుమతికి మించిన ఒక్కో ప్రయాణికుడికి రూ. 200 జరిమానా. అదే సెక్షన్‌లో చాలామందికి తెలియని మాట ఒకటుంది: ఎక్కువైనవాళ్లను దించి, వాళ్లకు వేరే బండి ఏర్పాటు చేసేదాకా ఆటోను కదలనివ్వకూడదు. అంటే పసిపిల్లతో ఉన్న తల్లిని కట్ట మధ్యలో దించేసి పోవడం చట్టం ఒప్పదు. వేరే బండి ఏర్పాటు చేయమని అడిగే హక్కు మీకుంది.

యాక్సిడెంట్ చూశాను. దగ్గరికెళ్తే పోలీసు కేసులో ఇరుక్కుంటానా?

ఇరుక్కోరు. ఈ భయంతోనే మనుషులు రోడ్డు పక్కన పోతున్నారు. సాయం చేసినవాళ్లకు రక్షణ ఉండాలని సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. 2019లో సెక్షన్ 134ఎ వచ్చింది, 2020లో నిబంధనలు వచ్చాయి. మంచి మనసుతో సాయం చేసినవారి మీద కేసు పెట్టకూడదు. పేరు, చిరునామా చెప్పమని ఒత్తిడి చేయకూడదు. ఆసుపత్రిలో డబ్బు కట్టమని నిలబెట్టకూడదు. సాక్షిగా ఉంటారా లేదా అన్నది మీ ఇష్టం.

డాక్టరు పోలీసు కాగితాల కోసం చూడకుండా వెంటనే వైద్యం మొదలుపెట్టాలి. ఇది సెక్షన్ 134. రోడ్డు ప్రమాద బాధితులకు 2025 మే నుంచి పథకం ఒకటి ఉంది. ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల దాకా, రూ. 1.5 లక్షల వరకు, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో నగదు లేకుండా చికిత్స. గుద్ది పారిపోయిన బండి దొరకకపోతే మరణానికి రూ. 2 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 50,000 పరిహారం వస్తుంది. దానికి ఆర్డీవో ఆఫీసులో అడగండి. గుద్దిన బండి తెలిస్తే ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌కు మీరున్న ఊరి పరిధిలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆరు నెలల గడువు ఉందని గుర్తుంచుకోండి, కర్మకాండలు అయ్యాక చూద్దాంలే అని ఆపకండి.

మా అబ్బాయికి పదహారేళ్లు. పాలు తేవడానికి స్కూటీ ఇస్తే ఏమవుతుంది?

ఇవ్వకండి. మైనరు బండి నడిపి తప్పు చేస్తే సెక్షన్ 199ఎ కింద శిక్ష మీకే: మూడేళ్ల దాకా జైలు, రూ. 25,000 జరిమానా, ఏడాది పాటు రిజిస్ట్రేషన్ రద్దు.

ఫిర్యాదు ఎవరికి చేయాలి?

ప్రాణం మీదకొస్తే 108, పోలీసు సాయానికి 112. సూళ్లూరుపేట దగ్గర జాతీయ రహదారి 16 మీద ఇబ్బందైతే 1033. ఫిర్యాదులో బండి నంబరు, సమయం, అటకానితిప్పకు ఇటా అటా అన్నది రాయండి. వీలైతే ఫొటో పెట్టండి, కానీ బండి నడుపుతూ తీయకండి.

శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం 2025 జనవరి 29న జరిగింది. ప్రయోగాలు ఇంకా పెరుగుతాయి, ఈ కట్ట మీద బళ్లూ పెరుగుతాయి. ఈసారి చూడ్డానికి వచ్చేవాళ్లకు మా ఊరి తరఫున ఒక్క మనవి: రాకెట్ లేవగానే అందరూ ఒక్కసారిగా బళ్లు తీయకండి. కాసేపాగి, వరసలో రండి.