వృద్ధుల వేలిముద్ర

దుకాణమును నిలబెట్టిన పెద్దలకు చూపు మందగించి, మరపు వచ్చిన పిదప, వారి సంతకముతో పనిపడుట వ్యాపార కుటుంబములలో తరచు జరుగును. ఇంటి దానపత్రము ముందుంచి, "నాయనమ్మా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి" అందురు. ఆమె వేయును. పత్రము తమిళములోనో, ఒడియాలోనో ఉండును. ఆమెకు వచ్చినది తెలుగు. ఆ ఇల్లు ఆమె ఇచ్చినదా, వీరు తీసికొన్నదా?

1872 నాటి కాంట్రాక్టు చట్టము 16వ సెక్షను ప్రకారము, వయస్సుచేతగాని జబ్బుచేతగాని బుద్ధిబలము తగ్గినవారితో ఒడంబడిక చేసికొన్నవాడు వారిపై పైచేయి గలవాడే. ఒడంబడిక అన్యాయముగా కనబడినచో, ఒత్తిడి చేయలేదని ఋజువు చేయవలసిన భారము అతనిదే.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము 23వ సెక్షను మరియొక రక్ష. పోషింతునను షరతుపై ఆస్తి పుచ్చుకొని పోషింపనిచో, ట్రిబ్యునలు ఆ పత్రమును రద్దు చేయవచ్చును. అయితే షరతు ఉన్నదని ఋజువు కావలెనని 2022లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కనుక దానిని పత్రములోనే వ్రాయించుట మేలు.

చట్టముకన్న ముందు ఇంటి మర్యాద కలదు. పత్రమును తెలుగులో నెమ్మదిగా చదివి వినిపింపవలెను. లాభము పొందనివారొకరు దగ్గరుండవలెను. విన్నదానిని ఆమెచేతనే తిరిగి చెప్పించి, ఒక రాత్రి గడువీయవలెను. నిన్నటి భోజనము మరచిన ముసలమ్మకు, ఇల్లు ఎవరికి చెందవలెనో చక్కగా తెలిసియుండవచ్చును. మరపు పేరుతో ఆమె మాట త్రోసివేయుటయు తప్పే. "వద్దు" అన్నచో కాగితము మడచివేయవలెను.

ఈయనిదానిని పుచ్చుకొనరాదనుట అచౌర్య వ్రతము. తెలియక ఇచ్చినది ఇచ్చినట్లగునా?