వైన్ ద్రాక్ష: కత్తిరింపు తేదీ, కోత తేదీ

నాసిక్ వైన్ తోటల్లో కోతలు జనవరిలో మొదలై మార్చి చివరికల్లా ముగుస్తాయి. ఫ్రాన్స్‌లో ఇదే పని సెప్టెంబరు, అక్టోబరుల్లో జరుగుతుంది. అక్కడ తీగ చలికి ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతం రాగానే తనంతట తానే చిగురిస్తుంది. మన దక్కన్‌లో తీగకు అంత నిద్ర లేదు. అందుకే ఏడాదికి రెండు కత్తిరింపులు చేసి ఒక్క పంట తీస్తాం. ఏప్రిల్‌లో కొమ్మ కోసం, సెప్టెంబరు-అక్టోబరుల్లో కాయ కోసం కత్తెర పడుతుంది. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహి ద్రాక్ష పండించిన పాత రైతులకు ఈ లెక్క బాగా తెలుసు. వానను ఆపడం మన వల్ల కాదు గానీ, కత్తెర పెట్టే రోజు, గుత్తి కోసే రోజు మాత్రం మనమే నిర్ణయించుకోవచ్చు.

ముందుగా ఏప్రిల్ కత్తిరింపు సంగతి చూద్దాం. జనవరిలో కోసే గుత్తి వేసవిలోనే కొమ్మ కన్నులో రూపు దిద్దుకుంటుంది. కత్తిరించిన 40 రోజుల నుంచి దాదాపు రెండు నెలల వరకు కన్నులో పూగుత్తి తయారయ్యే దశ. ఆ రోజుల్లో కన్నుకు ఎండ తగలాలి. కత్తిరింపు మే నెలలోకి జారితే ఈ దశ జూన్ మబ్బుల్లో పడుతుంది. అప్పుడు కన్నులో గుత్తికి బదులు నులితీగ వస్తుంది. అక్టోబరులో ఎంత ఎరువు వేసినా ఆ లోటు తీరదు. కాబట్టి కోత అయ్యాక తీగకు కొద్ది వారాలు విశ్రాంతి ఇచ్చి, ఏప్రిల్ దాటకుండా కత్తిరించండి. చిగుళ్లు ఒత్తుగా వస్తే పలుచన చేయండి.

కాయ కత్తిరింపులో తొందర పడినా, ఆలస్యం చేసినా నష్టమే. సెప్టెంబరు మొదట్లోనే కత్తిరిస్తే లేత చిగురు తిరోగమన రుతుపవనాల వానకు చిక్కుతుంది. పూత మీద వాన పడితే పిందె రాలుతుంది, డౌనీ బూజు తెగులు నేరుగా గుత్తికే పట్టుకుంటుంది. నవంబరు దాకా ఆగితే చలికి కన్నులు ఒకేసారి పగలవు, పంట పక్వానికి వచ్చేసరికి ఎండలు ముదురుతాయి. అక్టోబరులో వానలు తెరిపి ఇచ్చాక కత్తిరించడమే నా సలహా. తోట పెద్దదైతే అంతా ఒకే వారంలో కాకుండా విడతలుగా చేయండి. అకాల వాన వచ్చినా ఒక విడత మిగులుతుంది.

డౌనీని ఆకు మీద ముందే పట్టుకోవచ్చు. ఆకు పైన నూనె చుక్క లాంటి పసుపు మచ్చ కనిపిస్తే కోసి, తడి కాగితంతో పాటు పాలిథిన్ సంచిలో పెట్టి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి మచ్చ వెనక తెల్లటి నూగు లేస్తే అది డౌనీయే, అదీ బతికే ఉందని అర్థం. మందు కొట్టే ముందు ఈ పరీక్ష చేస్తే ఖర్చు వృథా కాదు.

డిసెంబరు, జనవరి చలి వైన్ ద్రాక్షకు మేలే చేస్తుంది. చల్లని రాత్రుల్లో కాయలోని ఆమ్లం నిలుస్తుంది, ఎర్ర రకాలకు రంగు బాగా పడుతుంది. నాసిక్ దాదాపు 600 మీటర్ల ఎత్తులో ఉండటం వల్లనే అక్కడ సావిన్యాన్ బ్లాంక్ లాంటి సున్నితమైన తెల్ల రకం నిలబడింది. ఫిబ్రవరి రెండో పక్షం నుంచి పరిస్థితి మారుతుంది. ఎండ పెరిగేకొద్దీ చక్కెర గబగబా ఎక్కుతుంది, ఆమ్లం పడిపోతుంది. తూర్పు వైపు ఆకు కొంత తీసి గాలి ఆడనివ్వండి. పడమటి వైపు ఆకు మాత్రం ముట్టుకోకండి, మధ్యాహ్నపు ఎండకు గుత్తి మాడుతుంది.

తినే ద్రాక్ష పండించినవారికి కాయ లావుగా ఉండాలన్న అలవాటు ఉంటుంది. ఇక్కడ దాన్ని వదులుకోవాలి. రంగు, రుచి ఉండేది తొక్కలో. కాయ చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ. అందుకే లావు కోసం జిబ్బరెల్లిక్ ఆమ్లంలో ముంచడం, కోతకు ముందు నీరు ఎక్కువ పెట్టడం మానండి.

కోత రోజు నిర్ణయించడానికి వరుసకు రెండు వైపుల నుంచీ, గుత్తి పైనా కిందా కలిపి 100 కాయలు తీయండి. పిండి, రసాన్ని రిఫ్రాక్టోమీటర్‌లో చూడండి. తెల్ల రకాలకు 20 నుంచి 22 బ్రిక్స్ (రసంలోని చక్కెర కొలత), ఎర్ర రకాలకు 23, 24 సాధారణ లెక్క. లీటరు రసంలో 17 గ్రాముల చక్కెర ఉంటే దాదాపు ఒక శాతం ఆల్కహాల్ అవుతుంది కాబట్టి వైనరీ ఈ అంకెను అంత పట్టుగా చూస్తుంది. అంకెతో సరిపెట్టుకోకండి, గింజ కొరికి చూడండి. పచ్చగా, వగరుగా ఉంటే ఎర్ర రకానికి ఇంకా సమయం ఉంది. వాన పడితే బ్రిక్స్ తగ్గుతుంది, కాయలు పగులుతాయి. కుళ్లు లేకపోతే రెండు మూడు రోజులు ఆగి మళ్లీ కొలవండి. కుళ్లు మొదలైతే మాత్రం ఆగకుండా, చెడిన కాయ ఏరేసి కోసేయండి. కోత తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండెక్కక ముందే ముగించండి. వేడెక్కిన గుత్తి ట్రేలోనే పులవడం మొదలుపెడుతుంది.

మందుల విషయంలో మరో మాట. బూడిద తెగులుకు వాడే గంధకం కోత దగ్గరపడ్డాక కొడితే, రసం పులిసేటప్పుడు కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. బోర్డో మిశ్రమం వైన్ తోటల్లోనే పుట్టినా, అందులోని రాగి పండు మీద మిగిలితే సావిన్యాన్ బ్లాంక్ సువాసనను చంపుతుంది. ప్రతి మందుకూ కోతకు ముందు ఆగాల్సిన రోజులను తప్పక పాటించండి, పిచికారీ తేదీలు పుస్తకంలో రాసి ఉంచండి.

తెలుగు జిల్లాల్లో ఈ పంట వేయాలనుకునేవారికి నా విన్నపం ఒకటి. వైన్ రకాల కాయ చిన్నది, గింజ ఉంటుంది, పండ్ల మార్కెట్లో ఎవరూ కొనరు. ధర, బ్రిక్స్, కోత తేదీ ఎవరు నిర్ణయిస్తారో వైనరీతో రాతపూర్వకంగా ఒప్పందం చేసుకున్న తర్వాతే అంటు నాటండి.